ఆరు నెలల తాళం

మా అక్క పోయిన ఘడియ మంచిది కాదన్నారు.

డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఆయాసంతో నాలుగు రోజులు దవాఖానలో ఉండి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని తానే చెప్పి, తన మంచం మీద, నా భార్య చెంచాతో పోసిన నీళ్ళు గుటక వేసి కన్నుమూసింది. అంతకన్నా మంచి చావు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అయినా అయ్యగారు పంచాంగం తిరగేసి ధనిష్ట అన్నాడు. ధనిష్టలో ప్రాణం పోతే ఆ ఇంట్లో ఆరు నెలలు మనిషి మసలకూడదట. దినాలు కాగానే సామాను తీసుకొని బయటపడాలి. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప పెట్టాలి. ఆరు నెలలు నిండాక శాంతి చేయించి తెరవాలి.

నేను ఇవేవీ నమ్మను. చదివింది మూడో తరగతే. మిగిలిన చదువంతా కిరాణా కొట్టు పొట్లాల కాగితాల్లో, హోటల్లో ఎవరో వదిలేసిన పేపర్లలో, ముప్పై ఏళ్ళు దాటాక గ్రంథాలయంలో నా అంతట నేను నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా చేతులు కట్టుకొని నేర్చుకోలేదు గనుక ఎవరి మాటా తల ఊపి వినే అలవాటు లేదు. చుక్కలు ఆకాశంలో వాటి పని అవి చూసుకుంటాయి, సూర్యాపేటలో మా రెండు గదుల ఇంటితో వాటికేం పని అని అయ్యగారి ముఖం మీదే అడిగాను. ఆయన కోపగించుకోలేదు. నా భార్య వైపు చూశాడు.

నమ్మింది నా భార్య.

ఆమె ఈ దేశపు మనిషి కాదు. సిలోన్‌లో, కొండల మీద తేయాకు తోటల్లో పుట్టింది. ఇల్లు వదిలి కువైట్‌లో ఒక ఇంట్లో ముసలామెను చూసుకునే పనికి వచ్చింది. అదే ఇంట్లో నేను వంటవాణ్ణి. ఆమెది తమిళం, నాది తెలుగు, మధ్యలో విరిగిన హిందీ, అరబ్బీ. ఉప్పు చాలిందా అని ఆమె అడగడంతో మొదలైంది మా సంసారం. ఇద్దరికీ వయసు మళ్ళింది, పిల్లలు పుట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమెను వెంట తీసుకొచ్చాను. ఇరవై నాలుగేళ్ళయింది. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న మా అక్క అప్పటికే నా ఇంట్లో ఉంది. ఆమెకు తెలుగు నేర్పింది అక్కే. అందుకే నా భార్యది పుస్తకాల తెలుగు కాదు, అచ్చం మా అక్క తెలుగు.

ఇక్కడి పౌరసత్వం తీసుకోమని చాలామంది చెప్పారు. తీసుకోవాలంటే తన దేశపు పాస్‌పోర్టు వదులుకోవాలి. ఆమె ఒప్పుకోలేదు. "ఇల్లు నీది, ఊరు నీది, మాట వదినెది. నాదంటూ ఉన్నది ఆ బుక్కొక్కటే" అంది. నేనూ ఒత్తిడి చేయలేదు. అందుకని ఐదేళ్ళకోసారి నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. సూర్యాపేట ఇంకా నల్లగొండ జిల్లాలో ఉన్న రోజుల్లో కాగితాలన్నీ గుడ్డ సంచిలో పెట్టుకొని ముగ్గురం పొద్దున నల్లగొండ బస్సెక్కేవాళ్ళం. అక్కడి పోలీసు ఆఫీసులో పెద్ద రిజిస్టరు ముందు కూర్చున్న జమేదారు నన్ను ఏమీ అడిగేవాడు కాదు. మా అక్కను అడిగేవాడు. "ఏమ్మా, ఈమె మంచిదేనా?" అక్క ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది. "నాకంటె మంచిది. రాసుకో." ఆయన నవ్వి రాసుకునేవాడు. విచారణ అంటే అంతే.

తరువాత అంతా ఆన్‌లైన్ అయింది. మొదటిసారి ఇంటర్నెట్ సెంటర్లో నేను పక్కన కూర్చొని చెబుతుంటే అక్కడి మనిషి టైపు కొట్టాడు. ఏ గడిలో ఏం నింపాలో కళ్ళతో చూసి మనసులో పెట్టుకున్నాను. కలెక్టరుకు, మున్సిపాలిటీకి, కరెంటు ఆఫీసుకు నా జీవితంలో నేను రాసిన అర్జీలు ఒక అట్టపెట్టె నిండుగా ఉన్నాయి. ఈ ఒక్క దరఖాస్తుకు ఇంకొకరి కాళ్ళు పట్టుకోవాలా అనుకున్నాను. ఈసారి ఫోనులో నేనే నింపాను.

అప్పటికి మేం కోదాడలో ఉన్నాం. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చినవాళ్ళమని తెలిసి సూర్యాపేటలో ఎవరూ గది కిరాయికి ఇవ్వలేదు. కోదాడలో ఏమీ అడగని ఓనరు ఒకాయన దొరికాడు. ఆరు నెలలే కదా అని ఒక మంచం, రెండు గిన్నెలు, అక్క ఫోటో తెచ్చుకొని అక్కడ చేరాం. నివాసం ఎక్కడ అని దరఖాస్తు అడిగితే నేను సూర్యాపేట ఇంటి నంబరు రాశాను. అది నా సొంత ఇల్లు. నేను కట్టుకున్నాను. నా నివాసం అది కాకపోతే మరేది?

పోలీసు విచారణకు వచ్చాడు. తాళం చూశాడు. కంప చూశాడు. పక్కింటాయనను అడిగాడు.

పక్కింటాయన బస్సు డ్రైవరు చేసి రిటైరైన మనిషి. ఆరేళ్ళ కింద ఆయన తన చూరు నీళ్ళు మా గోడ మీదికి వదిలాడు. నేను ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను, మూడోసారి మున్సిపాలిటీకి రాశాను. ఆయనకు నోటీసు వచ్చింది. గొట్టం మార్చుకున్నాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. వాళ్ళింటామె కూడా మా ఆడవాళ్ళను చూస్తే తల తిప్పుకొని వెళ్ళేది. న్యాయం నా వైపే ఉంది, ఇప్పటికీ ఉంది. అయితే న్యాయం నా వైపు తేలిన తగాదాలు ఆ వీధిలో నాకు చాలా ఉన్నాయి.

"ఎవ్వరుంటలేరు సార్. ఎల్లిపోయిన్రు" అన్నాడట పక్కింటాయన. అబద్ధం కాదు కదా.

కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం వచ్చింది. చెప్పిన చిరునామాలో నివాసం ఉంటున్నారా, వివరణ ఇవ్వండి అని. డిక్షనరీ దగ్గర పెట్టుకొని రెండుసార్లు చదివాను. నిజం చెప్పాల్సిన చోటు అదే. మా ఇంట్లో చావు జరిగింది, నక్షత్ర దోషమని ఇల్లు మూశాం, తాత్కాలికంగా కోదాడలో ఉంటున్నాం అని రాయాలి. వేలు ఆడలేదు. ధనిష్ట అన్న మాట నేను, నా చేతితో, ప్రభుత్వానికి రాయాలా? పంచాంగాల మీద గ్రంథాలయంలో మాస్టార్లతో వాదించి గెలిచినవాణ్ణి. చుక్కకు భయపడి ఇల్లు వదిలానని ఒప్పుకోవడానికి నామోషీ అనిపించింది. ఇల్లు మా సొంతం అని రాసి, ఇంటిపన్ను రసీదు ఫోటో పెట్టాను.

పది రోజులకు దరఖాస్తు మూసేశామని వచ్చింది. చెప్పిన చోట నివాసం లేదు, వివరణ సరిపోలేదు.

అనుమతి గడువు ఇంకా యాభై రోజులు ఉంది.

అప్పుడు వెళ్ళాను మిర్యాలగూడకు. ఇలాంటి కాగితాలు చేసిపెట్టే ఆమె ఒకరు అక్కడ ఉన్నారని బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాను. హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే బస్సు. దారి పొడుగునా కాలువ కింద వరి. నా భార్య కిటికీ పక్కన కూర్చుంది. బతుకులో ఒకరి సలహా కోసం అంతదూరం వెళ్ళడం నాకు అదే మొదలు. ఆ మాట ఆమెతో అంటే, "మంచిగనే ఉన్నది, గాలి వస్తుంది" అంది.

బట్టల దుకాణం పైన ఒక గది. రెండు కంప్యూటర్లు, గోడ పొడుగునా ఫైళ్ళు. యాభై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు టైపు నేర్పేదట. నేను నా అట్టపెట్టెలోంచి తీసిన కాగితాలను వరుసగా బల్ల మీద పేర్చి, మొదటి నుంచి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దాయనా, జర ఆగు. ఒక్క మాట చెప్పు. నిన్న రాత్రి మీరిద్దరు ఏడ పండుకున్నరు?"

"కోదాడల."

"దరఖాస్తుల ఏం రాసినవ్?"

"సూర్యాపేట. అది నా సొంత..."

"సొంతం ఎవలడిగిన్రు నిన్ను? ఏడ ఉంటున్నరని గద అడిగింది. మరి సొంత ఇల్లు పెట్టుకొని కోదాడల ఎందుకున్నరు?"

నా భార్య చెప్పింది. "వదినె పోయింది. ధనిష్ట."

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అయ్యో. ఎన్ని నెలలు చెప్పిన్రు, ఆరా? మా అత్త పోయినప్పుడు మాకు మూడు చెప్పిన్రు." తరువాత నా వైపు తిరిగింది. "ఈ ముక్క రాస్తే అయిపోవు కదా, పెద్దాయనా."

"రాస్తే నవ్వుతరు."

"ఎవలు నవ్వుతరు? ఆ సారు ఇంట్ల ఎవ్వరు సావలేదా?"

నన్ను ఇంత సులువుగా ఓడించినవాళ్ళు తక్కువ. ఓడిపోయినందుకు కాదు, ఇంత చిన్న సంగతి నాకు తట్టనందుకు మండిపోయింది.

ఆమె మళ్ళీ దరఖాస్తు తెరిచింది. దారులు రెండున్నాయని చెప్పింది. ఒకటి, కోదాడ గది చిరునామాతో కొత్తగా పెట్టడం. దానికి ఓనరు కాగితాలు కావాలి, విదేశీయురాలు తన ఇంట్లో ఉంటోందని ఆయన కూడా తెలియజేయాలి. రెండోది, సూర్యాపేట ఇల్లు తెరిచి అందులో ఉండడం, మళ్ళీ విచారణ కోరడం. ఈ రెండూ కాకపోతే గడువు లోపల దేశం దాటాలి. "గడువులోపల పోతే మళ్ళ రావచ్చు. ఒక్క రోజు దాటినా కత వేరే ఉంటది. అది మాత్రం నేను సరిచెయ్యలేను" అంది. చేయగలిగినది, చేయలేనిది విడివిడిగా చెప్పే మనిషిని చాలాకాలానికి చూశాను.

గడులు నింపుతూ నింపుతూ ఒక చోట ఆగింది.

"పెద్దమ్మా, ఇక్కడ నిన్ను ఎరిగినోళ్ళ పేర్లు రెండు చెప్పు."

"వదినె" అంది నా భార్య వెంటనే.

"ఉన్నోళ్ళ పేర్లు."

నా భార్య నా వైపు చూసింది. "ఈయినె."

"మొగడు గాకుండ. సుట్టుపక్కలోళ్ళు, దోస్తులు, ఎవరైనా. ఇరవై నాలుగేండ్ల సంది ఉన్నవ్ గద."

నా భార్య వేళ్ళ మీద లెక్కపెట్టబోతున్నట్టు కుడిచేయి కొంచెం లేపింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. కింద దుకాణంలో ఎవరో చీరల బేరమాడుతున్నారు. ఆ మాటలు పైకి వినిపిస్తున్నాయి. "తరువాత నింపుదాం తియ్" అంది కాగితాలావిడ మెల్లగా.

తిరుగు బస్సులో నేను ఆ గడి గురించే ఆలోచించాను. మా వీధిలో నాతో మాట్లాడని ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. వాటిలో ఏ ఒక్కటీ నా భార్యతో తగాదా పడింది కాదు. నా తగాదాలన్నీ ఆమెకు వాటాగా వచ్చాయి.

కోదాడ ఓనరు మంచివాడే. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. సంగతి చెప్పేసరికి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆవిడ ఫారినరా అండీ? మీరు చెప్పనేలేదు!"

"చూస్తే తెలియలేదా?"

"చూస్తే మనూరి మనిషిలానే ఉందండీ. మాట కూడా మీకంటే తెలంగాణాగా మాట్లాడుద్ది."

"మరి ఇంకేం భయం? సంతకం పెట్టండి."

"అయ్యో, పోలీసు కాగితాల్లో మన సంతకం ఎందుకండీ. ఉండండి, ఎన్నాళ్ళయినా ఉండండి. నేనేవన్నా పొమ్మన్నానా? కాగితం మాత్రం అడగొద్దు బాబూ."

చట్టం చదివి వినిపించాను. విదేశీయులకు ఇల్లిచ్చి తెలియజేయకపోతే ఆయనదే తప్పవుతుందని చెప్పాను. అది వినగానే ఆయన ఇంకా బెదిరిపోయాడు. మరునాడు వచ్చి, నెలాఖరుకు వేరే గది చూసుకోమన్నాడు. బతిమాలి, నేను ఆ మాట అననేలేదనుకోండి అని ఆ గదిలోనే ఉండిపోయాం. నా చదువు నాకు చేసిపెట్టిన మేలు అది.

ఇక మిగిలింది ఇల్లు తెరవడం. అనుమతి గడువు తీరే రోజుకు, ఆరు నెలలు నిండే రోజుకు మధ్య తేడా ముప్పై ఎనిమిది రోజులు. అన్నాళ్ళు ఆగకుండా ఇప్పుడే తాళం తీస్తే నా భార్య నాతో ఉంటుంది. ఇంత చిన్న సంగతి. పొయ్యి ముందు కూర్చున్న ఆమెకు చెప్పాను.

"ఆరు నెలలు నిండకుండ నేను తెరువ" అంది.

"నిన్ను పంపిస్తరు."

"పోత."

"ఒక చుక్క కోసం పోతవా? పిచ్చా నీకు? ఇన్నేండ్లు నేను చెప్పింది ఏమన్న ఎక్కిందా?"

ఆమె కూర కలిపి, మూత పెట్టి, అప్పుడు చెప్పింది. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. చుక్క అబద్ధమే కావచ్చు. వదినె మాత్రం నమ్మేది. వాళ్ళత్త పోయినప్పుడు వాళ్ళు గిట్లనే ఇల్లిడిచిన్రట, నాకు చెప్పింది. నేనొచ్చిన కొత్తల నాకు నోట్ల మాట లేకుంటే, కుండ చూపిచ్చి కుండ అనుమన్నది, చెంబు చూపిచ్చి చెంబు అనుమన్నది. నువ్వు పొద్దంత గ్రంథాలయంల ఉంటివి. ఇంట్ల నేను, ఆమె. ఆమె నమ్మినదాన్ని నా అవసరానికి నేను తియ్య. ఇగ అడగకు."

ఇరవై నాలుగేళ్ళలో ఆమె అన్ని మాటలు వరుసగా మాట్లాడటం నేను వినలేదు.

రెండు రోజుల తరువాత, కూరగాయలు తెస్తానని చెప్పి, జేబులో తాళంచెవి పెట్టుకొని సూర్యాపేట బస్సెక్కాను. మధ్యాహ్నం. వీధిలో ఎవరూ లేరు. తుమ్మకంప ఎండి బూడిదరంగు తిరిగింది. కొసను పట్టుకొని పక్కకు లాగాను. ముల్లు అరచేతిలో దిగింది. తాళంచెవి తాళంలో పెట్టాను. లోపల అక్క మంచం ఉంది, నీళ్ళు పోసిన చెంచా కిటికీలోనే ఉండాలి. తిప్పితే చాలు. తెరిచి, రెండు రాత్రులు నేనొక్కణ్ణే ఉండి, ఆమె లోపల పడుకుందని పోలీసుకు చెబితే సరిపోతుంది. సాయంత్రం ఆమెకు ఏమని చెప్పాలో కూడా తయారు చేసుకునే వచ్చాను.

తిప్పలేదు. నక్షత్రానికి భయపడి కాదు. నా ముఖం చూస్తే ఆమెకు తెలిసిపోతుంది. తెలిసినా ఏమీ అనదు. ఆ అనకపోవడంతో మిగిలిన రోజులు బతకాలి. కంపను మళ్ళీ అడ్డంగా జరిపి, బస్టాండుకు నడిచాను. దారిలో కూరగాయలు కొనడం మరిచిపోయాను. అరచేయి చూసి ఆమె సూది తెచ్చి ముల్లు తీసింది. ఏం ముల్లని అడగలేదు.

గడువుకు మూడు రోజుల ముందు ఆమెను విమానం ఎక్కించాను. కాగితాలావిడే అన్నీ సర్దిపెట్టింది. ఏ కాగితం ఎవరడిగితే ఇవ్వాలో వరుసగా సంచిలో పెట్టించింది. నేను వెంట వెళ్ళలేను. నా పాస్‌పోర్టు గడువు తీరి పదిహేనేళ్ళయింది. ఇక ఈ దేశం దాటే పని నాకేముంది అని అప్పట్లో గొప్పగా అనుకొని వదిలేశాను. విమానాశ్రయం తలుపు దగ్గర టికెట్టు ఉన్నవాళ్ళనే లోపలికి పంపుతున్నారు. ఆమె చేతిసంచిలో అక్క నేతచీర ఒకటి, చింతకాయ తొక్కు డబ్బా ఒకటి. వరుసలో నిలబడి వెనక్కి తిరిగి చెప్పింది.

"కంప కదిలియ్యకు మల్ల."

అంటే మొదటిసారి కదిలించింది ఆమెకు తెలుసు.

మిగిలిన రోజులు కోదాడ గదిలో నేను, అక్క ఫోటో. వంట చేయడం నా వృత్తి, అయినా ఒక్కడికి వండటం చేతకాలేదు. ఎప్పుడూ ఎక్కువయ్యేది. ఆమె తన చెల్లెలి ఇంట్లో ఉంది. మూడు రోజులకోసారి ఫోను చేసేది. వెనక తమిళంలో మాటలు, నవ్వులు వినిపించేవి. ఒకరు ఆమెను పిలుస్తారు, ఆమె ఇటు ఫోను పట్టుకొనే అటు జవాబు చెబుతుంది. ఆ గొంతు గట్టిగా, తొందరగా ఉండేది. మా ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు.

ఆరు నెలలు నిండాయి. కంప తీసి, గోడలకు సున్నం వేయించి, శాంతి చేయించాను. అయ్యగారు వచ్చి చుట్టూ చూశాడు. "ఇంటామె ఏది? పాలు పొంగియ్యాలె కదా."

"మీ చుక్క సిలోన్‌కు పంపించింది" అన్నాను.

పాలు నేనే పొంగించాను. చెంచా కిటికీలోనే ఉంది.

మళ్ళీ వీసాకు ఆమె అక్కడి నుంచి దరఖాస్తు పెట్టాలి. దాన్ని మిర్యాలగూడ నుంచి కాగితాలావిడే నింపింది. ఈసారి ఇంటికి తాళం ఎందుకు పడిందో రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాసింది. నేను నాలుగు పేజీలు రాసుకుపోతే అందులో ఒక్క ముక్కా వాడుకోలేదు. అంతా అయ్యాక ఫోనులో అడిగింది. "పెద్దాయనా, ఆ గడి ఖాళీగనే ఉన్నది. ఇద్దరు మనుషులు. ఒకటి నా పేరు రాస్త, నాకు ఆమె తెలుసు గద. ఇంకోటి మీ ఊరోళ్ళు కావాలె. ఆధార్ కార్డు, ఫోన్ నంబరు, జర తొందరగ."

రెండు రోజులు వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ప్రతి ఇంటి ముందు ఒక పాత అర్జీ గుర్తుకొచ్చింది. మూడోరోజు పొద్దున పక్కింటి గేటు కొట్టాను.

ఆయన బయటికి వచ్చాడు. ముందు నన్ను చూశాడు, తరువాత తన చూరు వైపు చూశాడు. "ఇగ ఏమైందే? గొట్టం మార్చిన గద."

"గొట్టం కాదు. ఒక సాయం కావాలె."

"నీకా?" అన్నాడు. లోపలికి తిరిగి, "ఏమే, ఈనకు నాతోని సాయం కావాల్నట, వచ్చిండు సూడు" అని భార్యను పిలిచాడు. వాళ్ళింటామె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ద్వారబంధం దగ్గర నిలబడింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. పోలీసు రావడం, ఎవరూ లేరని ఈయన అనడం, దరఖాస్తు మూసేయడం, నా భార్య వెళ్ళిపోవడం. ఆయన ముఖం మారింది.

"దానికోసమా వచ్చింది ఆ పోలీసాయన? నువ్వు కేసేమన్న పెట్టినవేమో అనుకున్న. ధనిష్టని నేను చెప్పకపోదునా? ఒక్క మాట చెప్పి పోతే ఏమాయె నీకు?"

ఇద్దరు మనుషులు వేరువేరు చోట్ల అదే మాట అడిగారు నన్ను. చెబితే ఏమాయె.

ఆయన ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చాడు. ఫోటో తీసుకుంటుంటే వాళ్ళింటామె మెల్లగా అడిగింది.

"అన్నా, మీ ఆమె పేరేంది?"

ఇద్దరి గోడా ఒకటే. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే పంపు నీళ్ళు. ఆ వీధి ఆమెను సిలోనామె అంది, అక్క పిల్లా అంది, నేను ఏమే అన్నాను. చెప్పాను. పక్కింటామె ఆ పేరు ఒకసారి పైకి పలికి చూసుకుంది. "మంచిగున్నది" అంది.

వీసా వచ్చింది. కాగితాలావిడ ఫోను చేసి చెప్పినప్పుడు గ్రంథాలయంలో ఉన్నాను. అందరూ తలెత్తి చూసేంత గట్టిగా మాట్లాడానట. ఆ సాయంత్రం నా భార్యకు చెప్పాను. నిమ్మళంగా విన్నది. ఎన్నాళ్ళ లోపల బయలుదేరాలో అడిగింది. చెప్పాను.

"మస్తు రోజులున్నయి గద" అంది. తరువాత, "గీడ చెల్లెకు కాలు బాగలేదు. సూస్త."

సర్కారు రమ్మంది. ఇన్నాళ్ళూ సర్కారే మా మధ్య అడ్డమని పళ్ళు నూరుకున్నాను. ఆ అడ్డం పోయాక మిగిలినదాని మీద ఏ ఆఫీసుకు అర్జీ రాయాలో నాకు తెలియలేదు. అక్క లేని ఇంటికి, తన పేరు తెలియని వీధికి, పొద్దంతా గ్రంథాలయంలో కూర్చునే నా దగ్గరికి ఎందుకు రావాలో చెప్పమని ఆమె అడగలేదు. అడిగితే బాగుండేది.

ఇది మూడు వారాల కిందటి మాట. ఇప్పుడు గ్రంథాలయానికి పొద్దున ఒక గంట వెళ్ళి వస్తున్నాను. తాళం వేయడం మానేశాను, గడియ పెట్టి వెళుతున్నాను. ఇవాళ తిరిగి వచ్చేసరికి పక్కింటామె గోడ మీదుగా పిలిచింది. చేతిలో చిక్కుడుకాయ కూర గిన్నె. "ఎప్పుడొస్తదే?" అంది, నా భార్యను పేరు పెట్టి.

గిన్నె అందుకున్నాను. ఎప్పుడొస్తుందో తెలియదని ఉన్నదున్నట్టు చెప్పాను. సాయంత్రం ఫోను వస్తుంది. ఈ మాట ఆమెకు చెప్పాలి. ఎవరడిగారో, ఏమని పిలిచి అడిగారో చెప్పాలి. మధ్యలో నా వ్యాఖ్యానం ఏమీ కలపకుండా చెప్పాలి. గిన్నె కడిగి ఎండలో పెట్టాను. ఖాళీది తిరిగి ఇవ్వకూడదని అక్క అనేది. ఇంట్లో ఏముందో చూడాలి.